ఫిబ్రవరి కవాతు, ఏప్రిల్ ఊరేగింపు: ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో ఇంకా రాయని చరిత్ర

అమెరికాలో ఫిబ్రవరి వస్తే నల్లజాతి చరిత్ర మాసం మొదలవుతుంది. బడుల్లో ప్రదర్శనలు, గ్రంథాలయాల్లో ఉపన్యాసాలు, కొన్ని పట్టణాల్లో బ్యాండు మేళాలతో వీధి కవాతులు జరుగుతాయి. ఏప్రిల్ వస్తే భారతదేశంలో అంబేడ్కర్ జయంతి ఊరేగింపులు మొదలవుతాయి. నీలి జెండాలు, డప్పులు, ట్రాక్టర్ మీద నిలువెత్తు చిత్రపటం, చంకన పిల్లలతో నడిచే తల్లులు కనిపిస్తారు. ఈ రెండింటి మధ్య దూరం ఎంతో ఉందనిపిస్తుంది కానీ, వీటిని కలిపే దారి ఒకటుంది. ఆ దారిలో రైలు పట్టాలు కూడా ఉన్నాయి. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో తరతరాలుగా ఉంటున్న తెలుగు రైల్వే కుటుంబాలకు ఆ దారి ముఖ్యమైనది.

ఎందుకంటే ఖరగ్‌పూర్ అనగానే లోకానికి గుర్తొచ్చేవి రెండే: 1,072.5 మీటర్ల పొడవైన ప్లాట్‌ఫాం, ఐఐటీ. ఆ ప్లాట్‌ఫాం కింద మట్టి మోసినవాళ్లు, వర్క్‌షాప్‌లో ఇంజిన్లు విప్పి బిగించినవాళ్లు ఎవరన్న ప్రశ్నకు సమాధానం ఏ స్టేషన్ బోర్డు మీదా ఉండదు. వాళ్లలో చాలామంది తెలుగువాళ్లు.

తెలుగువాళ్లు ఖరగ్‌పూర్ ఎలా చేరారు?

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. తెలుగు నోళ్లలో అది బీఎన్ఆర్. 19వ శతాబ్దం ముగిసేనాటికి నాగ్‌పూర్ వైపు నుంచి, కటక్ వైపు నుంచి, కలకత్తా వైపు నుంచి వచ్చే లైన్లు కలిసే చోటుగా కంపెనీ ఖరగ్‌పూర్‌ను ఎంచుకుంది. తర్వాత అక్కడే పెద్ద వర్క్‌షాప్ కట్టింది. అప్పటిదాకా చెప్పుకోదగ్గ ఊరు కాని చోట, గీత గీసినట్టు వీధులు వేసి రైల్వే కాలనీ లేపింది.

అదే కాలంలో విజయవాడ నుంచి కటక్ దాకా తూర్పుతీరం లైను పూర్తయింది. వాల్తేరు మీదుగా వెళ్లే ఆ లైను ఉత్తర భాగం తర్వాత బీఎన్ఆర్ చేతికి వచ్చింది. దాంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల్లోని కూలీకి కలకత్తా వైపు నేరుగా దారి దొరికింది. భూమి లేనివాడు, కరువులో అప్పుల పాలైనవాడు, ఊళ్లో కులం పేరుతో అణిగి ఉండలేనివాడు బండెక్కాడు. కళాసీగా, గ్యాంగ్‌మన్‌గా, ఫిట్టర్‌గా, పారిశుద్ధ్య కార్మికుడిగా చేరాడు. తర్వాత భార్యనూ తమ్ముడినీ బావమరిదినీ తెచ్చుకున్నాడు. ఇవాళ ఖరగ్‌పూర్‌లో తెలుగు వినపడే వీధులు అలా పుట్టినవే.

ఈ తెలుగుకు ప్రభుత్వ గుర్తింపు రావడానికి నూరేళ్లు దాటింది. ఖరగ్‌పూర్ తెలుగువారిని దృష్టిలో పెట్టుకుని తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం నిర్ణయించింది. మరుసటి ఏడాది చట్ట సవరణ జరిగింది. భాషకు గుర్తింపు వచ్చింది సరే, ఆ భాష మాట్లాడినవాళ్ల చరిత్ర ఎక్కడుంది?

రంగును బట్టి కొలువు

ఖరగ్‌పూర్ కాలనీ కట్టిన తీరులోనే ఒక లెక్క ఉంది. తోటలున్న బంగళాలు ఐరోపావాసులకు. వాటి తర్వాతి వరుస ఆంగ్లో ఇండియన్లకు. చిన్న గదుల వరుసలు భారతీయ కార్మికులకు. బ్రిటిష్ మానవ శాస్త్రవేత్త లారా బేర్ ఖరగ్‌పూర్‌లో ఏళ్ల తరబడి పరిశోధన చేసి, రైల్వే సంస్థ తన ఉద్యోగుల జాతినీ పుట్టుకనూ ఎలా లెక్కగట్టిందో పుస్తకంగా రాశారు. వలస కాలపు రైల్వేలలో డ్రైవరు, గార్డు వంటి పెద్ద కొలువుల్లో ఐరోపావాసులకూ ఆంగ్లో ఇండియన్లకూ ముందు వరుస ఉండేది. ఒకే రకం పనికి వేరు వేరు జీతాలు, వేరు వేరు వసతులు ఉండేవి. భారతదేశంలో కార్మికుల పరిస్థితిపై 1929లో వేసిన విట్లీ కమిషన్ ముందుకు రైల్వేలలో జాతి వివక్ష అన్న అంశం కూడా వచ్చింది.

ఆ రోజుల్లో రైల్వే పట్టణంలో కవాతు అంటే ఎవరిది? 1920లో ఏర్పడిన ఆగ్జిలరీ ఫోర్స్‌లో ఐరోపావాసులకూ ఆంగ్లో ఇండియన్లకూ మాత్రమే చోటుండేది. రైల్వే కంపెనీలకు వాటి పేరుతోనే దళాలు ఉండేవి, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేకూ ఒకటి ఉండేది. పగలు ఇంజిన్ నడిపే ఉద్యోగే తీరిక వేళ యూనిఫాం తొడుక్కుని తుపాకీతో కవాతు చేసేవాడు. సమ్మె వస్తే ఆ తుపాకీ ఎవరి వైపు తిరుగుతుందో కార్మికుడికి తెలుసు. ఆ కవాతులో కళాసీకి చోటు లేదు. రోడ్డు పక్కన నిలబడి చూడటమే అతని వంతు.

1927లో ఖరగ్‌పూర్ కార్మికులు రెండుసార్లు తిరగబడ్డారు. ఏడాది మొదట్లో సమ్మె, తర్వాత ఉద్యోగుల తొలగింపుకు వ్యతిరేకంగా నెలల తరబడి పోరాటం. ఆ పోరాటాన్ని నడిపించిన నాయకుల్లో వి.వి. గిరి ఒకరు. బరంపురంలో పుట్టిన ఆ తెలుగు న్యాయవాది తర్వాత రాష్ట్రపతి అయ్యారు. గిరి పేరు పుస్తకాల్లో ఉంది. ఆయన వెనక నిలబడి నెలల తరబడి జీతం లేకుండా పస్తులున్న కార్మికుల పేర్లు మనకు దొరకడం చాలా కష్టం.

రంగు ఒక గోడ, కులం ఇంకొక గోడ

ఇక్కడితో ఆగితే కథ తెల్లదొరకూ భారతీయుడికీ మధ్య తగవులా మిగులుతుంది. కానీ భారతీయ కార్మికుల వరుసలోనూ ఇంకొక వరుస ఉంది.

1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో జరిగిన అణగారిన వర్గాల రైల్వే కార్మికుల సభకు అంబేడ్కర్ అధ్యక్షత వహించారు. అది గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే కార్మికుల సభ. ఖరగ్‌పూర్‌ది వేరే కంపెనీ అయినా, ఆయన చెప్పిన సంగతి ఆనాటి ఏ రైల్వే పట్టణం వాళ్లకైనా అర్థమయ్యేదే. దళితుడు గ్యాంగ్‌మన్‌గా చేరితే గ్యాంగ్‌మన్‌గానే రిటైరవుతాడు. స్టేషన్‌లో పోర్టరు ఉద్యోగం కూడా అతనికి రాదు. కారణం ఏమిటంటే, స్టేషన్ మాస్టరు పోర్టరుతో ఇంటి పని కూడా చేయించుకుంటాడు, అంటరానివాణ్ని ఇంట్లోకి రానివ్వడు. వర్క్‌షాప్‌లో నైపుణ్యం ఉన్నా పై మెట్టు ఎక్కనివ్వరు. కార్మికుడికి శత్రువులు ఇద్దరని, ఒకటి బ్రాహ్మణవాదం, రెండోది పెట్టుబడిదారీ విధానమని ఆయన ఆ సభలోనే అన్నారు.

తెలుగు సాహిత్యం ఈ సంగతిని అంతకు ముందే పట్టుకుంది. గరిమెళ్ల సత్యనారాయణ ‘మాకొద్దీ తెల్లదొరతనము’ అని పాడితే, దళిత కవి కుసుమ ధర్మన్న ‘మాకొద్దీ నల్లదొరతనము’ అని బదులిచ్చారు. తెల్లదొర పోయినా పల్లెలో పెత్తనం చేసే దొర ఉంటాడు కదా అన్నది ధర్మన్న ప్రశ్న. ఇక్కడ ‘నల్ల’ అన్న మాట పీడకుడికి తగిలింది. అమెరికాలో అదే మాట పీడితుడిది. తెలుగు నేల మీద రంగు, కులం ఒకదానికొకటి ఎంత మెలిక పడి ఉన్నాయో చెప్పడానికి ఈ ఒక్క శీర్షిక చాలు.

అదే కాలంలో అమెరికా రైళ్లలో

అమెరికాలో బానిసత్వం రద్దయ్యాక పుల్‌మన్ కంపెనీ తన స్లీపర్ బోగీల్లో పోర్టర్లుగా నల్లజాతివారిని చేర్చుకుంది. పక్కలు వేయడం, బూట్లు తుడవడం, సామాను మోయడం వాళ్ల పని. ప్రయాణికులు చాలామంది వాళ్లను సొంత పేరుతో కాక, కంపెనీ యజమాని జార్జ్ పుల్‌మన్ పేరు మీద ‘జార్జ్’ అని పిలిచేవారు. బానిసను యజమాని పేరుతో పిలిచే పాత అలవాటు అది.

1925 ఆగస్టు 25న న్యూయార్క్‌లోని హార్లెంలో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో ఆ పోర్టర్లు సంఘం పెట్టుకున్నారు. సరిగ్గా పన్నెండేళ్లకు, 1937లో, కంపెనీ చేత ఒప్పందం మీద సంతకం పెట్టించారు. నెలకు దాదాపు 400 గంటల పని 240 గంటలకు తగ్గింది. ఈ పోర్టర్లే ఉత్తరాదిన అచ్చయ్యే నల్లజాతి పత్రిక ‘షికాగో డిఫెండర్’ కట్టలను దక్షిణాది ఊళ్లకు రైళ్లలో గుట్టుగా చేరవేశారు. 1955లో మాంట్‌గొమరీ బస్సుల బహిష్కరణకు పునాది వేసిన ఇ.డి. నిక్సన్ కూడా పుల్‌మన్ పోర్టరే. 1963లో వాషింగ్టన్‌లో దాదాపు 2,50,000 మంది కదిలిన మహా ప్రదర్శనకు పెద్ద దిక్కు ఆ రాండాల్ఫే.

రైలు రెండు చోట్లా ఒకే రకంగా పనిచేసింది. పుట్టుకను బట్టి కొలువు పంచింది. అదే సమయంలో అణగారినవాడికి నెలజీతం, ఊరు దాటే అవకాశం, తనలాంటివాళ్లతో కలిసి సంఘం పెట్టుకునే చోటు ఇచ్చింది.

ఈ రెండు లోకాలు ఖరగ్‌పూర్ దగ్గర ఒకసారి దాదాపు తాకాయి కూడా. రెండో ప్రపంచ యుద్ధంలో 1944లో అమెరికా బి-29 బాంబర్ల దళానికి ఖరగ్‌పూర్ కేంద్రమైంది. బ్రిటిష్ ప్రభుత్వం 1931లో ఇద్దరు ఖైదీలను కాల్చి చంపిన హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలోనే ఆ దళం కార్యాలయం నడిచింది. 1951లో ఐఐటీ మొదలైందీ ఆ భవనంలోనే. ఆనాటి అమెరికా సైన్యం రంగును బట్టి విడదీసిన సైన్యం. అస్సాం నుంచి బర్మాలోకి లెడో రోడ్డు వేసిన దాదాపు 15,000 మంది అమెరికా సైనికుల్లో 60 శాతం నల్లజాతివారు. ప్రజాస్వామ్యం కోసం పోరాడుతున్నామని చెప్పిన సైన్యం, తన సైనికులను వేరు పంక్తిలో కూర్చోబెట్టింది. సైన్యంలో ఆ విభజనను రద్దు చేసే ఆదేశం 1948లో గానీ రాలేదు.

వీధిలో నడవడం ఎందుకంత ముఖ్యం?

తెలుగులో ‘ఊరేగింపు’ అన్న మాటలోనే జవాబు ఉంది. ఊరు, ఏగు. అంటే ఊరంతా తిరగడం. కానీ ఊరికి ఆవల వాడ ఉన్న సమాజంలో ఊరంతా తిరిగే హక్కు అందరికీ ఒకేలా లేదు. దేవుడి పల్లకి ఏ వీధి దాకా వస్తుంది, పెళ్లికొడుకు గుర్రం ఏ గుమ్మం ముందు దిగాలి, డప్పు ఎక్కడ ఆపాలి అన్నవన్నీ కులం రాసిన నియమాలు. దళిత వరుడు గుర్రమెక్కి ఊరేగాడని దాడి జరిగిన వార్తలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.

1927 మార్చి 20న మహాడ్‌లో అంబేడ్కర్ వెంట వేలమంది ఊరేగింపుగా చవదార్ చెరువుకు నడిచి నీళ్లు తాగారు. ఆ చెరువు అందరిదని మునిసిపాలిటీ అంతకు ముందే తీర్మానించింది. కాగితం మీది హక్కు కాలినడకన వెళ్లి అడిగితే గానీ దక్కలేదు. అడిగినందుకు దెబ్బలు కూడా తినాల్సి వచ్చింది. ఖరగ్‌పూర్ కార్మికులు తొలి సమ్మె చేసిందీ ఆ ఏడాది ఆరంభంలోనే.

అమెరికాలోనూ ఇంతే. న్యూయార్క్ రాష్ట్రంలో బానిసత్వం 1827 జులై 4న పూర్తిగా రద్దయింది. అది అమెరికా స్వాతంత్ర్య దినం కూడా. అయినా నల్లజాతివారు కవాతును జులై 5న చేశారు. నాలుగో తేదీన తెల్లవారి దాడుల భయం ఒక కారణం. అందరికీ స్వేచ్ఛ ఇవ్వని పండుగను తమ పండుగ అనలేకపోవడం ఇంకో కారణం. 1917 జులై 28న, ఈస్ట్ సెయింట్ లూయిస్ ఊచకోత తర్వాత, దాదాపు 10,000 మంది న్యూయార్క్ ఐదో అవెన్యూలో నోరు మెదపకుండా నడిచారు. నినాదం లేదు, పాట లేదు. మందగించిన డప్పుల చప్పుడు ఒక్కటే.

అందుకే ఎవరు నడిచారన్నది ఒక్కటే కాదు, ఎవరి కోసం నడిచారన్నదీ చూడాలి. దీనికి తెలుగు నేల మీదే ఒక ఉదాహరణ ఉంది. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్ దగ్గరి ఏసీ గార్డ్స్ పేరు రోజూ వింటాం. ఏసీ అంటే ఆఫ్రికన్ క్యావల్రీ. వనపర్తి సంస్థానాధీశుడు పెంచిన ఆఫ్రికన్ అశ్వదళం తర్వాత నిజాం కొలువులో చేరింది. సిద్దీలనే ఆ ఆఫ్రికా సంతతివారు నిజాం ఊరేగింపుల్లో గుర్రాల మీద కదిలేవారు. అది చూడముచ్చటైన కవాతే, కానీ ఏలికది. హైదరాబాద్ విలీనం తర్వాత దళం రద్దయింది. ఆ కుటుంబాలు పేదరికంలోకి జారాయి. నగరానికి మర్ఫా వాయిద్యం మిగిలింది. పెళ్లి ఊరేగింపులో మర్ఫాకు చిందేసేవారిలో ఎంతమందికి ఆ దరువు వెనక ఆఫ్రికా ఉందని తెలుసు? తెలుగువారికి సొంత నల్లజాతి చరిత్ర ఉంది. దాన్ని మనం పేటకు పేరుగా, పెళ్లికి మోతగా మిగిల్చుకున్నాం.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్‌కు

నల్లజాతి చరిత్ర మాసం ఒక బడిపంతులు ఆలోచన. బానిసలుగా పుట్టిన తల్లిదండ్రుల బిడ్డ కార్టర్ జి. వుడ్సన్ గనుల్లో పనిచేస్తూ చదువుకుని, 1912లో హార్వర్డ్‌లో డాక్టరేట్ సాధించారు. 1915లో నల్లజాతి చరిత్ర అధ్యయన సంఘం పెట్టారు. 1926 ఫిబ్రవరిలో తొలి నల్లజాతి చరిత్ర వారం జరిపించారు. లింకన్, ఫ్రెడరిక్ డగ్లస్ జయంతులను నల్లజాతి ప్రజలు అప్పటికే ఫిబ్రవరిలో జరుపుకునేవారు. ఆ అలవాటు మీదే ఆయన చరిత్రను నిలబెట్టారు. పండుగ ఒక్కటే సరిపోదని ఆయనకు తెలుసు కాబట్టి బడులకు పాఠాలు, బొమ్మలు, చిన్న నాటికలు పంపారు. 1976లో ఆ వారం అధికారికంగా నెల అయింది.

ఆ ఆలోచన భారతదేశం చేరడం వెనక పాత స్నేహం ఉంది. జోతిరావు ఫూలే 1873లో తన ‘గులామ్‌గిరి’ని బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. నల్లజాతివారు ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన వినతిపత్రం ప్రతి కావాలని 1946లో అంబేడ్కర్ నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్‌కు ఉత్తరం రాశారు. 1972లో ముంబైలో దళిత్ పాంథర్స్ పుట్టింది, అమెరికాలోని బ్లాక్ పాంథర్స్ పేరు మీద. 2015లో దళిత మహిళల బృందం ఒకటి ఏప్రిల్‌ను దళిత చరిత్ర మాసంగా జరపడం మొదలుపెట్టింది. తమకు స్ఫూర్తి నల్లజాతి చరిత్ర మాసమేనని వాళ్లు చెప్పుకున్నారు. 2022లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వం ఏప్రిల్‌ను దళిత చరిత్ర మాసంగా ప్రకటించింది. తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉండే సియాటెల్ నగరం 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను నిషేధించింది.

అయితే జాతి, కులం ఒకటి కావు. రంగు కంటికి కనపడుతుంది. కులాన్ని ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి, తిండి అడిగి కనుక్కుంటారు. ఖరగ్‌పూర్ వంటి చోటుకు వలస వచ్చినవారిలో కొందరికి అది కొంత ఊరట. వందల కిలోమీటర్ల అవతల, వేరే భాష మధ్య, మాల మాదిగ పేర్లు తెలియనివారి నడుమ కొత్త బతుకు మొదలవుతుంది. కానీ దాచుకోగలిగిన గుర్తింపుకు ఒక మూల్యం ఉంది. కులం దాచుకుంటే తాత కథ కూడా దాచాలి. అలా పిల్లలకు చేరకుండానే ఒక తరం కథ ముగిసిపోతుంది. అమెరికా నల్లజాతివారి చరిత్రను ఇతరులు చెరిపేశారు. మన దగ్గర బతకడం కోసం బాధితులే తమ చరిత్రను చెరుపుకోవాల్సి వచ్చింది. అంబేడ్కర్ చిత్రపటం పట్టుకుని పట్టపగలు వీధిలో నడవడం ఆ దాపరికాన్ని వదిలేయడం. అందుకే ఆ నడకకు ధైర్యం కావాలి.

ఊరేగింపు తర్వాత ఏమిటి?

2023 ఏప్రిల్ 14న హైదరాబాద్‌లో, 2024 జనవరిలో విజయవాడలో 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహాలు లేచాయి. ఏటా ఏప్రిల్ 14న రైల్వే కార్యాలయాల్లో చిత్రపటానికి పూలమాలలు పడతాయి. ఇవి అక్కర్లేదని ఎవరూ అనరు. కానీ వుడ్సన్ అనుభవం ఒక సంగతి నేర్పుతుంది. మహనీయుడి జయంతిని పట్టుకుని ఆయన సామాన్యుల చరిత్రను బడిలోకి తెచ్చారు. మనం చాలాచోట్ల జయంతి దగ్గరే ఆగిపోయాం.

ఖరగ్‌పూర్‌లో ఈ పనికి కావలసిన సరుకు ఇంకా ఉంది. రైల్వే ప్రతి ఉద్యోగికీ సర్వీసు రికార్డు రాసే సంస్థ. ఏ ఊరు నుంచి వచ్చాడు, ఏ పనిలో చేరాడు, ఎన్నేళ్లకు ఏ మెట్టు ఎక్కాడు, ఎందుకు శిక్ష పడింది అన్నవి కాగితాల మీద ఉంటాయి. ఇళ్లలో ట్రంకు పెట్టెల అడుగున పాత పాసులు, పింఛను కాగితాలు, సంఘం రసీదులు, ఫేర్‌వెల్ ఫొటోలు ఉంటాయి. రిటైరైన గ్యాంగ్‌మన్లు, కళాసీలు, వాళ్ల భార్యలు ఉన్నారు. వర్క్‌షాప్‌లో ఏ వరుసలో ఎవరు నిలబడేవారో, కాలనీలో ఏ కుళాయి దగ్గర ఎవరు నీళ్లు పట్టుకునేవారో వాళ్లనే అడగాలి. ఆ తరం తగ్గిపోతోంది.

తెలుగుకు హోదా తెచ్చిన చట్టం ఇక్కడ పనికొస్తుంది. అధికార భాష అంటే దరఖాస్తు ఫారం తెలుగులో ఇవ్వడం ఒక్కటే కాదు. ఖరగ్‌పూర్ పిల్లవాడు తన పట్టణం గురించి తెలుగులో చదివే పాఠంలో ప్లాట్‌ఫాం పొడవుతో పాటు దాన్ని కట్టిన చేతుల పేర్లు కూడా ఉండాలి. ఆ పాఠం రాయాలంటే ముందు ఆ పేర్లు సేకరించాలి. అమెరికాలో ఆ పనిని 1926లో ఒక పంతులు, కొన్ని బడులు, ఒక వారం మొదలుపెట్టాయి. ఖరగ్‌పూర్‌లో మొదలుపెట్టడానికి ఒక తెలుగు బడి, ఒక రికార్డింగ్ ఉన్న ఫోను, ఏప్రిల్ నెల సరిపోతాయి.